పాతది తెచ్చారా?

మోటారుసైకిలు సామాన్ల కొట్టు పెట్టుకున్న మనిషి, కొనడానికి వచ్చినవాణ్ణి ముందుగా ఏమడుగుతాడు? ఏ బండి అని అడుగుతాడు. ఏ సంవత్సరంలో వచ్చిన బండి అని అడుగుతాడు. కాస్త మర్యాదస్తుడైతే కూర్చోమంటాడు. మన శాంపిలాయన మాత్రం ఇవేవీ చెయ్యడు. అద్దాల బల్ల మీద మోచేతులు ఆనించి, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "పాతది తెచ్చారా?" అంటాడు.

తేలేదన్నారా, అంతే సంగతులు. "పాతది లేకుండా ఎలా ఇమ్మంటారండీ? రేపు సరిపోలేదని మళ్ళీ నా మీదే పడతారు" అని మొహం పక్కకి తిప్పుకుంటాడు. ఎండలో నడిచొచ్చిన మనిషి మళ్ళీ ఎండలో నడిచి ఇంటికి పోవాలి. బండి పక్కన చతికిలబడి పాత ఆయిల్ ఫిల్టరు విప్పాలి. చేతులూ చొక్కా నల్లగా చేసుకోవాలి. ఫిల్టరు ఊడదీసిన బండి కదలదు కాబట్టి తిరిగి నడిచే రావాలి. ఇంత తపస్సు చేసి, నూనె కారుతున్న ఆ డబ్బాని పాత పేపర్లో చుట్టి తెచ్చి బల్ల మీద పెడితే, అప్పుడు శాంపిలాయన మొహంలో కళ వస్తుంది.

ఆ తరువాత జరిగేది చూసి తీరవలసిందే. పాత ఫిల్టరుని గుడ్డతో తుడుస్తాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. వెనక అలమరాలోంచి కొత్తవి కొన్ని దించి, పాతదాని పక్కన వరసగా నిలబెట్టి, తల వంచి, ఒక కన్ను మూసి పొడుగు చూస్తాడు. మూతికి మూతి ఆనించి గుండ్రం చూస్తాడు. సొరుగులో ఆయనకొక పాత బోల్టు ఉంది. దాన్ని పాతదాని మూతిలో తిప్పి, కొత్తదాని మూతిలో తిప్పి, రెండింట్లోనూ సాఫీగా దిగిందా, ఇక తిరుగులేదు. "సరిపోతుంది, పట్టుకెళ్ళండి" అంటాడు. డబ్బా లోపల ఏముందన్న ప్రశ్న ఆయనకు పుట్టదు. ఎవరైనా పుట్టిస్తే, "లోపలికి మనం వెళ్తామా? నూనె వెళ్తుంది. దాని తిప్పలు అది పడుతుంది" అని కొట్టిపారేస్తాడు.

ఏ బండికి ఏ ఫిల్టరు బిగించాలో చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి కంపెనీవాళ్ళు కొట్టు తెరిచిన కొత్తలోనే ఇచ్చిపోయారు. ఆయన కుర్చీకి ఒక కాలు పొట్టి. ఆ పుస్తకం ఆ కాలి కిందికి అచ్చంగా సరిపోయింది. అప్పట్నుంచీ అది అక్కడే సేవ చేస్తోంది.

నిజం చెప్పుకోవాలి, ఈ పద్ధతి చాలాసార్లు పనికొచ్చింది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక్కసారైనా మొదట్లోనే మొట్టికాయ పడి ఉంటే మనిషి బాగుపడేవాడేమో. పడకపోయేసరికి, "శాంపిలుంటే చాలు, ఏ దేశం సరుకైనా తెచ్చిపెడతాను" అని ఛాతీ విరుచుకోవడం మొదలుపెట్టాడు. బజారువాళ్ళు శాంపిలాయన అని పేరు పెట్టారు. అది బిరుదనే ఆయన ఇప్పటికీ నమ్ముతున్నాడు.

కొట్లో పుట్టిన జబ్బు మెల్లగా ఇంటికీ పాకింది. క్షవరానికి వెళ్తే జేబులోంచి తన కుర్రతనం నాటి ఫోటో తీసి ఇస్తాడు. ఫోటోలో ఉన్నంత జుట్టు ఇప్పుడు తల మీద లేదు కదా సార్ అని మంగలి మొదట్లో నసిగేవాడు. ఇప్పుడు నసగడం మానేసి ఫోటోని అద్దానికి ఆనించి తన పని తాను చేసుకుంటాడు. ప్యాంటు కుట్టించాలంటే పాత ప్యాంటు టైలరుకి ఇస్తాడు. ఒకసారి అలా ఇచ్చిన ప్యాంటుకి మోకాలి దగ్గర అతుకుంది. టైలరు మహా నమ్మకస్తుడు, కొత్త గుడ్డకీ సరిగ్గా అదే చోట అతుకు వేసి ఇచ్చాడు. శాంపిలాయన రెండు ప్యాంట్లూ పక్కపక్కన పరిచి చూసుకుని మురిసిపోయాడు.

ఇక భార్య చెప్పుల సంగతి. పెళ్ళైన కొత్తలో ఆమెకు చెప్పులు కొనాలని ఆయనకు ప్రేమ పుట్టుకొచ్చింది. శాంపిలు కోసం గుమ్మంలో చూస్తే ఆమె చెప్పులు కనబడలేదు, ఆమె వేసుకుని బయటికి వెళ్ళింది. ఆయన చెల్లెలి చెప్పులు మాత్రం ఉన్నాయి. వాటినే సంచిలో వేసుకుని బయల్దేరాడు. ఆ చెల్లెలు గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదు. భార్య చూస్తే పిడికెడు మనిషి. తెచ్చిన చెప్పుల్లో ఆమె పాదం అటూ ఇటూ ఈదింది. "పెద్దవయ్యాయండీ" అంది. "వాడగా వాడగా సరిపోతాయిలే" అన్నాడాయన. చెప్పులు వాడితే సాగుతాయి గానీ ముడుచుకుపోవని చెప్పడానికి కొత్త పెళ్ళికూతురికి నోరు రాలేదు. ముందువైపు మూసి ఉండే రకం కావడంతో, వేళ్ళ దగ్గర గుడ్డ పేలికలు కుక్కుకుని తొడుక్కుంది. అవి అరిగాక ఆయన వాటినే పట్టుకెళ్ళి మరో జత తెచ్చాడు. అవీ అరిగాక మరో జత. జత మారినా పేలికలు మారలేదు. నోరొచ్చిన తరువాత ఆమె చాలాసార్లు చెప్పింది. ఆయన చెవిన వేసుకోలేదు.

ఈ పిడికెడు మనిషే ఇంటికి అసలు ఆధారం. తెల్లారకముందే బేకరీకి వెళ్ళి, మోటారుసైకిలుకి అటూ ఇటూ పెద్ద పెట్టెలు కట్టుకుని, వేడి వేడి రొట్టెలు ఊళ్ళో కొట్లకు వేసి వస్తుంది. ఆ లైను ఆమెకు ఎవరూ కట్టిపెట్టలేదు. వానలో తడిసి, కొట్టువాళ్ళ విసుగులు భరించి, మూసిన తలుపులు తట్టి తట్టి ఒక్కో కొట్టూ తనే పట్టుకుంది. ఊరి చివర కొత్త కాలనీ కొట్లయితే ఆమెకు ప్రాణం. వాళ్ళు రొట్టెలు ఎక్కువ తీసుకుంటారు, మిగిలాయని వెనక్కి ఇవ్వరు, పైగా నవ్వుతూ పలకరిస్తారు.

బండి పాతదే అయినా రాయిలాంటిది. దానికి ఉన్నది ఒక్కటే జబ్బు. పొద్దున్నే మొదటిసారి స్టార్టు చెయ్యగానే ఇంజను పైభాగంలోంచి టకటకా టకటకా అని చప్పుడు. కాసేపు అలా వాగి, తరువాత నోరు మూసుకుంటుంది. శాంపిలాయనకు రోజూ మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. అది వినబడితే భార్య బయల్దేరిందని లెక్క. అటు తిరిగి పడుకునేవాడు.

"ఏంటండీ ఆ చప్పుడు? ఏడాదికేడాదికీ పెరుగుతోంది" అని ఆమె అడిగితే, చలికాలంలో "చలికి" అన్నాడు. ఎండాకాలంలో "వేడికి" అన్నాడు. వానాకాలంలో కాసేపు ఆలోచించి, "వయసు మీద పడిందే. పొద్దున్నే లేస్తే నా మోకాళ్ళు మాత్రం చప్పుడు చెయ్యట్లేదా?" అన్నాడు. ఆమె ఆయన మోకాళ్ళ వంక చూసి పెట్టెలు తుడుచుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆయన కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఇంకో సామాన్ల కొట్టుంది. అది వేరే ఎవరిదో అయితే ఆయనకింత మంట ఉండేది కాదు. అది ఆయన వదినగారిది, అంటే భార్యకి సొంత అక్క. తోడల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, కౌంటరులో కూర్చునేది ఆవిడే. ఆవిడ వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, "ఏ బండి? ఏ సంవత్సరం?" అని అడుగుతుంది. శాంపిలాయన ఇవతల కూర్చుని పళ్ళు నూరేవాడు. "ఫిల్టరు కొనడానికొచ్చినవాణ్ణి పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడుగుతుందేంటి మీ అక్క? పుట్టుమచ్చలు కూడా అడగమను" అని ఇంటికొచ్చి భార్య మీద రుసరుసలాడేవాడు. జనం మాత్రం రానురానూ ఆ స్టేషనుకే ఎక్కువ వెళ్తున్నారు. ఎండలో రెండుసార్లు నడవక్కర్లేదు కదా.

ఇలా ఉండగా ఒకరోజు రొట్టెలు ఆలస్యమయ్యాయి. బండి చప్పుడు ఆగక, ఇంజను ఊపిరాడనట్టు కొట్టుకుంటుంటే, ఆమె మధ్య మధ్య ఆపుకుంటూ పోవలసి వచ్చింది. కాలనీవాళ్ళు బేకరీకి ఫోన్లు చేశారు. బేకరీ యజమాని చెడ్డవాడేమీ కాదు, అయినా వ్యాపారం వ్యాపారమే.

"చూడమ్మా, రొట్టె సాయంత్రం దాకా ఆగదు. ఇంకోసారి బండి మొరాయించిందంటే ఆ కాలనీ లైను వేరేవాళ్ళకి ఇచ్చేస్తా. తర్వాత నువ్వు బాధపడి లాభం లేదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, హెల్మెట్ మేకుకి తగిలించి, మెకానిక్కు చెప్పిన మాట మొగుడికి చెప్పింది. "నూనె మార్చాలట. మార్చేటప్పుడు ఫిల్టరు కాస్త మంచిది చూసి వెయ్యమన్నాడు. ఈసారి అక్క దగ్గర తీసుకుంటానండీ."

శాంపిలాయన నోట్లోకి పోతున్న ముద్ద అక్కడే ఆగింది.

"ఎక్కడా?"

"అక్క కొట్లో."

"అంటే శాంపిలాయన పెళ్ళాం ఫిల్టరు కోసం ఎదురుకొట్టుకి వెళ్తుందన్నమాట. బజారంతా చూస్తుండగా. ఇంకేం, రేపట్నుంచి నేను కొట్టు మూసుకుని ఇంట్లో చీపురు పట్టుకుంటాను."

"పట్టుకుంటే మంచిదే. ఇల్లు చూశారా ఎలా ఉందో? నా లైను పోతుందంటుంటే మీకు బజారు గోలేంటి?"

"లైను ఎక్కడికీ పోదు. ఈ ఒక్కసారికి నాకొదిలెయ్. నా చేత్తో నేను ఎంచి ఇస్తాను. బజారులో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"మీ తల సంగతి తర్వాత. నాకు బండి కదలాలి" అంది ఆమె. అని, కాసేపు ఆయన మొహం చూసి మెత్తబడింది. అదీ ఆమె చేసిన తప్పు. "సరే, ఈ ఒక్కసారే" అంది.

మర్నాడు కొట్లో జరిగిన ఎంపిక మామూలుది కాదు. కొనేవాళ్ళని తరువాత రమ్మని పంపేసి, శాంపిలాయన బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాడు. భార్య బండికి ఉన్న పాత ఫిల్టరుని తనే దగ్గరుండి విప్పించి తెచ్చుకున్నాడు. దాన్ని మధ్యలో కూర్చోబెట్టి, అలమరాలో ఉన్న ఫిల్టర్లన్నీ దించాడు. పొడుగువి తీసేశాడు. పొట్టివి తీసేశాడు. మూతి తేడా ఉన్నవి తీసేశాడు. చివరికి రెండు మిగిలాయి. పొడుగూ గుండ్రమూ రెండింటికీ ఒక్కటే. బోల్టు రెండింట్లోనూ వెన్నలా దిగింది. ఇప్పుడేం చెయ్యాలి?

ఆయన అనుభవమంతా కూడగట్టుకుని, జీవితంలో మొదటిసారిగా ఫిల్టరు మూతిలోకి తొంగి చూశాడు. ఒకదాని లోపల, అంచు కింద ఉన్న చిన్న చిన్న కన్నాలకి అడ్డంగా మెత్తటి రబ్బరు బిళ్ళ ఒకటి ఉంది. రెండోదానిలో ఏ అడ్డమూ లేదు. పాతదానిలోకి చూశాడు. అందులోనూ లేదు. ఇంకేముంది, సమస్య విడిపోయింది. "నూనె పోయే దారికి ఈ అడ్డమేంటి, బుద్ధి లేకుండా" అని రబ్బరున్నదాన్ని పక్కకి నెట్టాడు. రెండోదాన్ని పాతదాని పక్కన నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు. కవలలు కూడా అంత పోలికగా పుట్టరు. ఇంత కాలపు వ్యాపారంలో అంత బాగా సరిపోయిన ఫిల్టరు తన చేతికి రాలేదని ఆయనకు నిజంగానే ఒళ్ళు పులకరించింది. ఆ ఆనందంలో తెల్ల గుడ్డలోనే చుట్టి మెకానిక్కుకి అందజేశాడు.

తరువాత కొన్నాళ్ళు పొద్దున చప్పుడు వినిపిస్తూనే ఉంది. కొత్త నూనెకి కాస్త తగ్గినట్టనిపించి, మళ్ళీ హెచ్చింది. ఒక తెల్లవారుజామున, పెట్టెల నిండా రొట్టెలతో, సరిగ్గా కాలనీ మలుపులో బండి టకటక ఆపకుండా కొట్టుకుని, ఒక్కసారి కీచుమని, ఆగిపోయింది. ఇక కిక్కులకీ తిట్లకీ కదల్లేదు. ఆమె అక్కకి ఫోను చేసింది. అక్క స్కూటరేసుకుని వచ్చి అందుకునేసరికి పొద్దెక్కింది, రొట్టెలు సగం కొట్లకి సగం ఎండకి పోయాయి. బేకరీ యజమాని అన్న మాట అన్నట్టే చేశాడు. కాలనీ లైను అదే రోజు వేరేవాళ్ళకి ఇచ్చేశాడు.

బజారు నిండుగా ఉన్న వేళకి ఆమె బండిని తోసుకుంటూ వచ్చింది. శాంపిలాయన దూరం నుంచే చూశాడు. ఆమె మొహం ఎర్రగా కంది ఉంది, జుట్టు చెదిరి ఉంది, ఆ పెద్ద చెప్పులు అడుగడుగుకీ మడమల దగ్గర ఊడి టపటప కొట్టుకుంటున్నాయి. ఆమె రెండు కొట్ల మధ్య, నడివీధిలో బండి ఆపి స్టాండు వేసింది. కుడివైపు మొగుడి కొట్టు, ఎడమవైపు అక్క కొట్టు. టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని ఆగిపోయారు. శాంపిలాయన కుర్చీలోంచి లేచి నవ్వు మొహం పెట్టుకున్నాడు. ఆమె ఇటు చూడనైనా చూడకుండా ఎడమవైపు నడిచింది.

ఆయన పెట్టుకున్న నవ్వు మొహం అలాగే ఉండిపోయింది. అయినా చెవులు మాత్రం బాగానే పనిచేశాయి.

"ఫిల్టరు కావాలక్కా" అంది ఆమె.

"ఏ బండి? ఏ సంవత్సరం?" అంది వదిన, చెల్లెలైనా సరే అలవాటు తప్పకుండా.

ఆమె రెండూ చెప్పింది. ఆ రెండో జవాబు తనకు తెలియదన్న సంగతి శాంపిలాయనకు అప్పుడు తెలిసింది. రోజూ తన గుమ్మంలో నిలబడే బండి ఏనాటిదో, ఆ బండెక్కే మనిషిని ఆయన ఎప్పుడూ అడగలేదు.

వీధి చివరి షెడ్డులోంచి మెకానిక్కు పానాతో వచ్చి, అక్కడే కూర్చుని ఫిల్టరు విప్పాడు. వదిన ఒక చేతిలో తను తీసిన కొత్తదీ, ఇంకో చేతిలో విప్పినదీ పట్టుకుని రెండింటి మూతుల్లోకీ చూసింది. ఆ కొత్తదానిలో రబ్బరు బిళ్ళ ఉంది.

"ఇదేంటే, జనరేటరు ఫిల్టరు కదా ఇది!" అంది గట్టిగా. "అందులోనైతే ఇది మూతి పైకి పెట్టుకుని నిలువుగా కూర్చుంటుంది, నూనె ఎక్కడికీ పోదు. నీ బండికి అడ్డంగా పడుకుంటుంది. ఈ రబ్బరు లేకపోతే రాత్రికి రాత్రి నూనెంతా కిందికి జారిపోతుంది. రోజూ పొద్దున్నే ఇంజను ఎండు నోటితో తిరిగిందన్నమాట. ఎవరిచ్చారే నీకిది?"

వీధంతా కుడివైపు తిరిగింది.

"నేనే ఇచ్చాను! అయితే ఏంటి? శాంపిలు చూసే ఇచ్చాను" అని శాంపిలాయన కౌంటరు ఇవతల నుంచే అరిచాడు.

"ఏ శాంపిలు మరిదిగారూ?"

"దీనికి ముందుది."

"అదెవరిచ్చారు?"

"నేనే. దాని ముందుదాన్ని చూసి."

"అదీ?"

"అదీ నేనే. దాని ముందుదాన్ని..."

ఆ వరసలో మొట్టమొదటిది కళ్ళ ముందుకొచ్చింది. బండి అమ్మినవాడు, ఇంజను శుభ్రం చేయించి పాత ఫిల్టరు పారేశాను, మీకు ఎలాగూ కొట్టుంది కదా, కొత్తది మీరే వేసుకోండి అన్నాడు. శాంపిలు లేనిదే శాంపిలాయన చెయ్యి ఆడదు. అటూ ఇటూ చూశాడు. కొట్టు వెనక కరెంటు పోయినప్పుడు వేసే చిన్న జనరేటరుంది. దాని ఫిల్టరు విప్పి మూతిలో బోల్టు తిప్పితే దిగింది. బండి ఇంజనుకీ అదే మర. ఇంకేం కావాలి? దాన్నే శాంపిలుగా పెట్టుకుని మొదటిది ఎంచాడు. ఆ తరువాతవన్నీ ఆ మొదటిదాని పిల్లలు, మనవలు. తప్పుని పక్కన నిలబెట్టి, ఒక కన్ను మూసి చూసి, మరో తప్పుతో పోల్చి, సరిపోయిందని ఇన్నేళ్ళూ పులకరించాడు.

"మొదటిది ఏది మరిదిగారూ?" వదిన వదిలిపెట్టలేదు.

శాంపిలాయన కళ్ళు కొట్టు వెనకున్న జనరేటరు వైపు పోయాయి. టీ గ్లాసు పట్టుకున్నవాడొకడు, "ఆ జనరేటరుకి శాంపిలు ఏదో కూడా అడగండమ్మా" అన్నాడు. బజారంతా గొల్లుమంది. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. బండి సీటు మీద చెయ్యి వేసి నిలబడింది, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. ఆమె ఏడ్చింది మొగుడి పరువు కోసం కాదు. కాలనీ కొట్ల కోసం ఏడ్చింది. ఒక్కో తలుపూ తట్టి సంపాదించుకున్నది ఒక్క పొద్దుతో పోయినందుకు ఏడ్చింది. అది చూసి వీధిలో నవ్వు దానంతటదే ఆగిపోయింది.

బండి షెడ్డుకి పోయింది. ఇంజను పైభాగం విప్పితే అరిగిపోయిన ముక్కలు బయటపడ్డాయి. అవన్నీ మార్చేదాకా ఆమె అక్క స్కూటరు మీదే మిగిలిన లైనుకి తిరిగింది. ఇంట్లో వంట మానలేదు, అరవలేదు, అలగలేదు. ఆయన అడిగినదానికి జవాబు చెప్పింది. ఆయన అడిగేది మాత్రం ఏముంటుంది, "అన్నం అయిందా?" తప్ప. ఒకసారి మాత్రం, ఆయన ఏదో సర్దిచెప్పబోతే, చేతిలో పని ఆపి అంది.

"మీరు తప్పు ఫిల్టరు ఇచ్చారని కాదండీ నా బాధ. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఏ సంవత్సరం బండే నీది అని నన్ను అడగలేదు. చప్పుడొస్తోందని నేను చెప్తే మీరు వినలేదు. పాతదేదో దాన్నే నమ్మారు. నన్ను నమ్మలేదు."

శాంపిలాయనకు ఆ మాట గుచ్చుకుంది. ఎంత మొద్దుకైనా ఎక్కడో ఒకచోట మెత్తగా ఉంటుంది కదా. రాత్రి పడుకుని ఆలోచించాడు, పొద్దున లేచి ఆలోచించాడు, కొట్లో కొనేవాళ్ళు లేక మరింత తీరిగ్గా ఆలోచించాడు. భార్యని సంతోషపెట్టాలని గట్టిగా నిర్ణయించుకున్నాడు. నడివీధిలో ఊడిపోతూ టపటపలాడిన ఆమె చెప్పులు గుర్తొచ్చాయి. పాపం, అరిగిపోయి ఉంటాయి, కొత్తవి కొనాలి అనుకున్నాడు. ఆ అనుకోవడంలో ప్రేమ ఉంది, పశ్చాత్తాపం ఉంది. లేనిదల్లా బుద్ధి.

చెప్పుల కొట్లో అమ్మాయి, "ఎవరికి సార్? ఏ సైజు?" అని అడిగింది.

శాంపిలాయన చిరునవ్వుతో సంచి విప్పి, "పాతవి తెచ్చానమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, లోపల వేళ్ళు పెట్టి, నలిగి అట్టకట్టిన గుడ్డ పేలిక ఒకటి బయటికి లాగింది. రెండోదానిలోంచీ లాగింది. "ఇవి ఆవిడకి పెద్దవి సార్. అందుకే గుడ్డలు కుక్కారు. చిన్న సైజు చూపించనా?"

ఆయన ఆ పేలికల వంక చూశాడు. ఒక్క క్షణం ఆయన లోపల ఏదో కదిలింది. నిజంగా కదిలింది, అన్యాయంగా మాట్లాడకూడదు. కానీ చేతిలో ఖాయంగా ఉన్న పాత చెప్పు కన్నా, ఎక్కడో ఇంట్లో ఉన్న పాదాన్ని నమ్మడం అలవాటు లేని మనిషి. ఏ సైజో తెలియకుండా చిన్నది తీసుకెళ్తే, తీరా సరిపోకపోతే? మళ్ళీ తప్పు తన మీదే పడదా?

"అదేం లేదమ్మా. ఇన్నేళ్ళూ ఇదే సైజు వేసుకుంది. ఇదే ఇచ్చెయ్" అన్నాడు.

షెడ్డు నుంచి బండి వచ్చిన మర్నాడు, చీకటి ఇంకా విడవకముందే ఆయన లేచి కూర్చున్నాడు. అది ఆ ఇంట్లో అపురూపమైన విషయం. అట్టపెట్టె తెచ్చి భార్య ముందు పెట్టి మూత తీశాడు. ఆమె హెల్మెట్ చేత్తో పట్టుకుని, చెప్పుల వంక చూసింది. ఒకటి తీసి, తిప్పి, అడుగున ఉన్న అంకె చూసింది. ఆయన ఆమె మొహంలో వెలుగు కోసం ఎదురుచూశాడు.

"బాగున్నాయి" అంది. "మీ చెల్లెలికి ఇవ్వండి. సరిపోతాయి."

"అదేంటి? మరి నీకూ?"

"నేను నిన్ననే కొనుక్కున్నాను. అక్కడ సైజు అడిగారు, చెప్పాను."

ఆయన కిందికి చూశాడు. ఆమె కాళ్ళకి నల్లటి కొత్త బూట్లున్నాయి. చిన్నవి, బుజ్జివి, పాదానికి అంటుకుపోయినట్టున్నాయి. పేలికల్లేవు, టపటపల్లేవు. ఆమె పాదాలు ఇంత చిన్నవా అని ఆయన ఆశ్చర్యపోయాడు. ఎవరో తెలియని మనిషి కాళ్ళలా ఉన్నాయి అవి. ఆమె గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

శాంపిలాయన అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అడగాలనిపించింది. ఇన్నేళ్ళకి, ఇప్పుడు, నిజంగానే అడగాలనిపించింది. నోట్లో మాట కూడబలుక్కున్నాడు. అలవాటు లేని పని కాబట్టి కాస్త టైము పట్టింది. బండి స్టార్టైతే ఎలాగూ ఆ టకటక వినబడుతుంది, వినబడగానే గుమ్మంలోకి వెళ్ళి ఆపి అడుగుదాం అనుకుని చెవులు రిక్కించాడు.

ఎంతసేపటికీ ఆ టకటక రాలేదు. విసుగొచ్చి గుమ్మంలోకి వచ్చి, "ఇంతకీ నీది ఏ సైజే?" అన్నాడు.

గుమ్మం ముందు బండి లేదు. ఆ చప్పుడు పోవడంతో, ఆమె ఎప్పుడు బయల్దేరిందో ఆయనకు తెలియనే లేదు.